నాడి యేది? నరమేది? – నాడీమండల పాఠముపై ఒక విమర్శ

మన ఉన్నత పాఠశాలలలో బోధించు నాడీమండల పాఠమున మెదడు, వెన్నుపాము, 12 జతల కపాలనాడులు, 31 జతల వెన్నునాడులు క్రమముగా వర్ణింపబడును. అందలి విషయమునకు వంక పెట్టవలసిన పని లేదు. అయినను ఇంటిలో ఒకరికి కాలు, చేయి పడిపోయినప్పుడు, ఆ పాఠము చదివిన విద్యార్థికి అది అక్కరకు వచ్చుట అరుదు. ఇందుకు పాఠములోని మాటలే ముఖ్య కారణమని నా అభిప్రాయము.

“నాడి” అను మాటనే చూడుడు. వైద్యుడు మణికట్టు పట్టి చూచునది నాడి; అది ధమని కొట్టుకొనుట. పుస్తకములోని నాడి దీనికి పూర్తిగా వేరు. అది సన్నని తంతువుల కట్ట. విద్యుత్ ప్రేరణల రూపమున వార్తలను మోయును. పోనీ, “నరము” అందమా? బాన్సువాడ ప్రాంతపు వాడుకలో ఆ మాటకు మూడు అర్థములున్నవి. పిక్కలపై ఉబ్బిన నరములు సిరలు. “నరానికి ఇచ్చిన” ఇంజెక్షను కూడ సిరకు ఇచ్చినదే. మడమ వెనుక గట్టిగా చేతికి తగులు నరము, కండరమును ఎముకతో కలుపు స్నాయుబంధనము. మోచేతికి దెబ్బ తగిలినప్పుడు చిటికెన వ్రేలి దాక జివ్వుమనిపించునది మాత్రమే నిజమైన నాడి.

ఈ తికమక తెలుగువారిది మాత్రమే కాదు. గ్రీకులు “న్యూరాన్” అను మాటను మొదట స్నాయువునకే వాడిరి. క్రీ.పూ. 3వ శతాబ్దమున అలెగ్జాండ్రియాలో హిరోఫిలస్ శవములను కోసి పరిశీలించి, నాడులను వేరుగా గుర్తించెను. మన పాఠములో ఈ వేర్పాటు నేటికిని స్పష్టముగ జరుగలేదు.

దీని వలన కలుగు నష్టము చిన్నది కాదు. పక్షవాతము వచ్చినప్పుడు “నరాలు చచ్చుబడినవి” అందురు. నరము చేతిలో ఉన్నది కనుక చేతికే తైలము మర్దించుదురు. కాని దోషమున్నది మెదడులో. అచటి రక్తనాళము మూసికొనిపోవుటయో, చిట్లుటయో జరిగినది. మెదడు నుండి దిగు తంతువులలో ఎక్కువ భాగము మజ్జాముఖమున అటువి ఇటు దాటును. అందువలన కుడి చేయి పడిపోయిన, దెబ్బ మెదడు ఎడమ సగమునకు తగిలినదన్న మాట. మాటకు సంబంధించిన కేంద్రములు చాలమందిలో ఆ వైపుననే ఉండుటచే మాటయు తరచుగా పోవును. స్కాను తీసి, రక్తస్రావము లేదని నిశ్చయించుకొన్న పిదప, గడ్డను కరిగించు మందును సాధారణముగా నాలుగున్నర గంటలలోపల ఇయ్యవలెను. మర్దనతో గడిచిన పూట మరల రాదు.

కుష్ఠు విషయమున పొరపాటు మరొక విధమైనది. దానిని చర్మవ్యాధిగా మాత్రమే తలతురు. 1873లో హాన్సెన్ కనుగొన్న ఆ సూక్ష్మజీవి చర్మముతో పాటు నాడులలో కూడ కాపురముండును. స్పర్శ తెలియని మచ్చ, మోచేతి వద్ద లావెక్కిన నాడి దాని గుర్తులు. మన పొరుగున డిచ్‌పల్లిలో 1915లో ఇసబెల్ కెర్, జార్జి కెర్ దంపతులు కుష్ఠురోగులకు చికిత్సాలయము స్థాపించిరి. నేడు ఈ వ్యాధి బహుళ ఔషధ చికిత్సతో నయమగును; ప్రభుత్వ ఆసుపత్రులలో మందులు ఉచితము. ఈ ముచ్చట నాడీమండల పాఠములో ఉండదగినది.

నాడి అను మాటను మార్చుమని నేను కోరుట లేదు. నాడీకణము, నాడీతంతువు వంటి సమాసములకు అది అనుకూలమైనది. పాఠము మొదటనే సిర, స్నాయుబంధనము, నాడి వీని భేదమును ఒక పటముతో చూపవలెను. ప్రతి భాగము వర్ణనకు ప్రక్కన, అది చెడిన ఏమగునో ఒక వాక్యమైనను ఉండవలెను. పుస్తకము మారువరకు ఉపాధ్యాయులు ఆగనక్కర లేదు. “నరము” అను మాట గల వాడుకలను ఇంటి నుండి పది వ్రాసికొని రమ్మని పిల్లలకు చెప్పుడు. వానిని నల్లబల్లపై మూడు వరుసలలో విడదీయుడు. ఆ ఒక్క గంటలో నేర్చినది ఏదో ఒక ఇంట ఒక ప్రాణమును నిలుపవచ్చును.