ఏమీ వెలగని స్లైడు

కిడ్నీ బయాప్సీలు చదివేవాళ్లకి చీకటి గది అలవాటే. సూదితో తీసిన ముక్కలో కొంత భాగాన్ని ఫార్మలిన్‌లో వెయ్యకుండా విడిగా ఉంచి, పలచగా కోసి, ఇమ్యునోఫ్లోరసెన్స్ రంగు పట్టించి, లైట్లార్పి చూస్తాం. కిడ్నీలో రక్తాన్ని వడపోసే గ్లోమెరులస్ గోడ వెంట సన్నటి పచ్చగీత వెలిగితే గుడ్‌పాశ్చర్ జబ్బు. రేణువులుగా కనిపిస్తే మెంబ్రేనస్ నెఫ్రోపతి. మధ్యలో ఐజీఏ అనే యాంటీబాడీ పేరుకుని ఉంటే 1968లో పారిస్‌లో బెర్జే, ఎంగ్లే వర్ణించిన జబ్బు. లూపస్‌లోనైతే వేసిన ప్రతి రంగూ వెలుగుతుంది. దాన్ని ఫుల్‌హౌస్ అంటాం, పేకాట రానివాళ్లం కూడా.

వీటిల్లో కిడ్నీ చేసిన తప్పేం లేదు. కాపలా కాయాల్సిన బి కణాలే దారితప్పి యాంటీబాడీలు తయారుచేస్తే, దెబ్బ ఈ వడపోత మీద పడుతుంది. మెంబ్రేనస్‌లో ఎక్కువమందికి ఆ గురి వడపోత గోడకి అంటుకుని ఉండే పోడోసైట్ కణం మీది పీఎల్‌ఏ2ఆర్ ప్రోటీన్ అని 2009లో తేలింది.

నేను ఎక్కువసేపు కూర్చునేది మాత్రం ఏమీ వెలగని స్లైడు దగ్గర. మినిమల్ చేంజ్ జబ్బు. మనిషి ఒళ్లంతా ఉబ్బి ఉంటాడు, మూత్రం నురగలు కడుతుంది, మైక్రోస్కోప్ కింద కిడ్నీ నిక్షేపంలా ఉంటుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తే తప్ప పోడోసైట్ల పాదాలు చదునైపోయిన సంగతి బయటపడదు. పిల్లల్లో చాలావరకు బయాప్సీ లేకుండానే స్టెరాయిడ్ మొదలుపెడతారు కాబట్టి మా దాకా వచ్చేవి ఎక్కువగా పెద్దవాళ్ల ముక్కలే.

1974లో షల్‌హౌబ్ అనే డాక్టర్ లాన్సెట్‌లో ఒక వాదన పెట్టాడు. తట్టు సోకితే ఈ జబ్బు తగ్గుతోంది. స్టెరాయిడ్‌కి లొంగుతోంది. హాడ్కిన్ లింఫోమా ఉన్నవాళ్లలో కనిపిస్తోంది. కాబట్టి తప్పు టి కణాలది, అవి వదిలే పదార్థమేదో వడపోతను చెడగొడుతోంది అన్నాడు. రోగుల్ని గమనించి అంత దూరం ఆలోచించడం నాకు ఇప్పటికీ ముచ్చటే. కానీ తర్వాత బి కణాల్ని తుడిచేసే రిటుక్సిమాబ్ కూడా చాలామందికి పనిచేసింది. టి కణాల కథ ఒక్కటే సరిపోలేదు.

2022లో మినిమల్ చేంజ్ ఉన్న కొందరు రోగుల రక్తంలో, పోడోసైట్ పాదాల మధ్య ఉండే నెఫ్రిన్ ప్రోటీన్ మీద యాంటీబాడీలు దొరికాయి. వాళ్ల బయాప్సీల్లో నెఫ్రిన్ ఉన్నచోటే ఐజీజీ యాంటీబాడీ చిన్నచిన్న చుక్కలుగా కనిపించింది. అలాంటి మసక చుక్కల్ని బ్యాక్‌గ్రౌండ్ అని కొట్టిపారెయ్యడం మా వృత్తిలో మామూలే.

ఇప్పుడు నెగటివ్ అని రాసేముందు పెద్ద లెన్స్ వేసి ఇంకోసారి వెతుకుతాను. కనిపిస్తే రిపోర్టులో ఒక వాక్యం పెడతాను. దానివల్ల మందు మారదు, స్టెరాయిడ్‌తోనే మొదలు. నెఫ్రాలజిస్టు ఫోన్ చేసి “ఇదేంటి మేడమ్, కొత్తగా?” అంటే మాత్రం, చెప్పడానికి ఓ పావుగంట పడుతుంది.