మోదుగ మానులో ఉసిరికాయలు

రసాయనమనగానే ఖమ్మం జిల్లా కారేపల్లి పరిసరాల పత్తిరైతుకు ఎరువుల బస్తా, పురుగుమందు డబ్బా తలపుకు రావడం సహజమే గాని, ఆయుర్వేదం ఈ మాటను ఒంటికి బలమిచ్చి ముదిమిని ఆలస్యం చేసే చికిత్సకు పేరుగా పెట్టుకున్నది. తిన్న అన్నం నుండి మొదట ఏర్పడే ధాతువు రసం. దాని నుండే రక్తమాంసాదులు వరుసగా పోషణ పొందుతాయని ప్రాచీన వైద్యుల భావన. అయనమంటే మార్గం. శ్రేష్ఠమైన రసాది ధాతువులను పొందే ఉపాయమే రసాయనమని చెప్పిన చరక సంహిత, చికిత్సాస్థానంలో జ్వరం కంటే ముందుగా, మొదటి అధ్యాయాన్నే దీనికి కేటాయించింది. పాదరసానికి కూడా రసమనే పేరు స్థిరపడ్డాక ఈ మాట లోహవిద్యలోకి విస్తరించింది. 11వ శతాబ్దంలో పండితుడు అల్ బిరూనీ దీనిని రసవాదానికి దగ్గరి విద్యగానే పరిచయం చేశాడు.

అయితే ఈ మాటకు అసలైన నెలవు అడవి. వాగ్భటుని అష్టాంగహృదయం ఉత్తరస్థానం 39వ అధ్యాయంలో ఒక విధానమున్నది: చీడపట్టని పచ్చి మోదుగ చెట్టు తల నరికి, మానులో రెండు మూరల లోతున తొలిచి, తాజా ఉసిరికాయలు నింపి, మొదలు దాకా దర్భ చుట్టి, తామరకొలను బురద పూసి, గాలి సోకని చోట అడవిపిడకల మంటతో ఉడికించి, ఆ కాయలను తేనె, నేతితో తిని, కాచిన పాలు తాగాలి. మోదుగ, ఉసిరి రెండూ ఖమ్మం, భద్రాచలం అడవుల చెట్లే కనుక, ఈ వర్ణన ఇక్కడి పాఠకునికి గ్రంథభాషగా కాక తెలిసిన నేలగా తోస్తుంది.

ఇదే అడవిలో దొరికే నల్లజీడి, అంటే సంస్కృత గ్రంథాల భల్లాతకం, చరకుని రసాయనాలలో ముఖ్యమైనది. దాని గింజల జీడినూనె తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. అందుకే దాని కషాయం తాగేముందు నోటిలోపల నెయ్యి రాయాలని చరకం విధించింది. మందులే కాదు, సత్యం పలకడం, కోపాన్ని విడవడం, దయ కలిగి ఉండడం కూడా రసాయనమేనని, దానికి ఆచార రసాయనమని పేరని ఆ అధ్యాయమే చెబుతుంది. తాగేవాని నోటిపై అంత శ్రద్ధ, దయకు అంత చోటు ఉన్న విద్యలో, ఆ గింజలు ఏరి అమ్ముకునే గిరిజనుల చేతులకు తొడుగులు, కష్టానికి తగిన ధర సమకూర్చడాన్ని కూడా మందు తయారీలో భాగంగానే లెక్కించాలి.