టికెట్టు దారిలో కలకత్తా నాటకం

నాటక చరిత్రను రచయితల పేర్లతోనో నటుల పేర్లతోనో చెప్పడం పరిపాటి గానీ, ప్రేక్షకుడు ఆహ్వానం మీద వచ్చాడా, డబ్బిచ్చి వచ్చాడా అన్న ప్రశ్నతో చూస్తే కలకత్తా రంగస్థలం నడిచిన దారి మరింత తేటగా కనిపిస్తుంది. గెరాసిమ్ లెబెదెవ్ అనే రష్యన్ సంగీతకారుడు 1795లోనే తన బెంగాలీ గురువు గోలోక్‌నాథ్ దాస్ సాయంతో ఒక ఆంగ్ల ప్రహసనాన్ని అనువదించి, స్త్రీ పాత్రలను స్త్రీల చేతనే వేయించి, టికెట్లు అమ్మి ప్రదర్శించారు. అయితే మరుసటి ఏడాదితోనే ఆ ప్రయత్నం ఆగిపోయింది.

ఆ తర్వాత బెంగాలీ నాటకం చాలాకాలం జమీందార్ల భవనాల్లోనే పెరిగింది. పాయిక్‌పాడా రాజులు 1858లో తమ బెల్‌గాఛియా తోటబంగళాలో ఆడించిన ‘రత్నావళి’ని దొరల కోసం ఇంగ్లీషులోకి మార్చిన మైకేల్ మధుసూదన్ దత్, బెంగాలీలో అంతకంటె మంచి నాటకం ఉండాలని తలచి ‘శర్మిష్ఠ’ రాయగా, అది 1859లో అక్కడే ప్రదర్శితమైంది. తెరలు, దుస్తులు, వాద్యబృందం ఖర్చంతా యజమానిది, ప్రేక్షకులు అతని అతిథులు, స్త్రీ వేషాలు పురుషులవి.

ఈ ఏర్పాటు 1872 డిసెంబరు 7న మారింది. బాగ్‌బజార్ యువకులు నేషనల్ థియేటర్ పేరుతో జోడాసాంకోలో ఒక ఇంటి ఆవరణను అద్దెకు తీసుకుని, నీలిమందు తోటల దొరలు రైతులను పెట్టిన బాధలను చిత్రించిన దీనబంధు మిత్ర నాటకం ‘నీల్ దర్పణ్’ను టికెట్లు పెట్టి ఆడారు. తగిన హంగులు లేకుండా అంత పెద్ద పేరు పెట్టుకుని డబ్బు వసూలు చేయడం తగదని గిరీశ్‌చంద్ర ఘోష్ మొదట దూరంగా ఉన్నారు. అదే గిరీశ్ కొన్నేళ్లకు గుమాస్తాగిరీ వదిలి నాటకశాలలో జీతానికి కుదిరి, కలకత్తా వృత్తి రంగస్థలానికి పెద్దదిక్కయ్యారు.

1873లో బెంగాల్ థియేటర్ అదే ‘శర్మిష్ఠ’తో ప్రారంభమైనప్పుడు స్త్రీ పాత్రల్లోకి వేశ్యావాటికల నుంచి నటీమణులు వచ్చారు. తెలుగు రంగస్థలంపై స్థానం నరసింహారావు వంటి పురుషులు స్త్రీ పాత్రలతో పేరు తెచ్చుకోవడానికి దశాబ్దాల ముందే జరిగిన ఈ మార్పు అక్కడి పెద్దమనుషులకు మింగుడుపడలేదు. ఆ నటీమణుల్లో తలమానికమైన వినోదిని దాసి కోసం ఒక మార్వాడీ యువకుడు 1883లో నాటకశాల కట్టించగా, దానికి ఆమె పేరు పెడతామని ఆశ చూపిన సహచరులు చివరికి ‘స్టార్’ అని నమోదు చేయించారు. మరుసటి ఏడాది ‘చైతన్యలీల’లో చైతన్యుడిగా ఆమె చేసిన పురుష పాత్రను చూసి రామకృష్ణ పరమహంస ఆశీర్వదించారు, అయినా పాతికేళ్లు నిండకముందే ఆమె రంగస్థలం విడిచిపెట్టింది.

టికెట్టు కొన్న జనం ముందు ఆడే నాటకమంటే ప్రభుత్వానికీ బెరుకు పుట్టింది. వేల్స్ యువరాజుకు తన ఇంటి ఆడవారిచేత స్వాగతం చెప్పించిన ఒక వకీలును వెక్కిరించిన ప్రహసనం దరిమిలా, అభ్యంతరకరమని తోచిన ప్రదర్శనను నిషేధించే అధికారమిచ్చే నాటక ప్రదర్శనల చట్టం 1876లో వచ్చింది.

1943 కరువు నేపథ్యంలో ప్రజా నాట్య సంఘం 1944లో ఆడిన ‘నవాన్న’ తర్వాత, సభ్యులు జీతం ఆశించకుండా నడుపుకునే ‘గ్రూప్ థియేటర్’ పద్ధతి బలపడింది. ఉత్పల్ దత్ బృందం మినర్వా హాలును చేపట్టి 1959లో ఆడిన ‘అంగార్’ చివర, బొగ్గుగనిలోకి నీరు ఎగబాకి కార్మికులను ముంచెత్తే దృశ్యాన్ని తాపస్ సేన్ చుక్క నీరు లేకుండా కేవలం దీపాల కాంతితో నిలబెట్టగా, దానికోసమే జనం విరగబడి వచ్చారు. నాటకం కంటె దీపాలే ఎక్కువ మాట్లాడుతున్నాయన్న విమర్శ కూడా అప్పుడే వచ్చింది. 1970లలో బాదల్ సర్కార్ దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టి, వేదిక, తెర, దీపాలంకరణ వదిలేసి నటుల దేహాలనే సామగ్రిగా చేసుకునే ‘మూడో రంగస్థలం’తో పార్కులకూ పల్లెలకూ వెళ్లారు, అక్కడ టికెట్టు లేదు, చూసినవారు ఇష్టపడి ఇచ్చిందే రాబడి.

టికెట్టు నాటకాన్ని జమీందారు అభిరుచి నుంచి విడిపించింది గానీ, పెట్టుబడిదారు షరతులకూ సర్కారు నిఘాకూ అప్పగించింది. దాన్ని వదులుకున్న బాదల్ సర్కార్‌కు స్వేచ్ఛ దక్కినా, నటులకు బతుకుతెరువు దక్కలేదు. కనుక ఏ నగరంలోనైనా నాటకం బాగోగులు బేరీజు వేయదలచినవారు ముందుగా ఖర్చు ఎవరు భరిస్తున్నారో, అందుకు బదులుగా ఏమి కోరుతున్నారో విచారించడం మంచిది.