గురువు పిడికిట్లో ఏముంది?

గురుశిష్య సంబంధం ఒక రహస్యమనీ, అది తర్కానికి అందదనీ తత్వశాస్త్ర పుస్తకాలు చెప్తూ వస్తున్నాయి. అందనిది తర్కానికా, మనకా? ఈ ప్రశ్న వెయ్యకుండా ఆ 'రహస్యం' ముందు చేతులు కట్టుకుని నిలబడటం మనకి అలవాటు చేశారు.

ఛాందోగ్యోపనిషత్తు నాలుగో అధ్యాయంలోని సత్యకామ జాబాలుడి కథ చూద్దాం. ఉపనిషత్తులకి కులం పట్టింపు లేదని వాదించేవాళ్లు ముందుగా తెచ్చేది దీన్నే. గోత్రం తెలియదన్న పిల్లవాడిని హారిద్రుమత గౌతముడు శిష్యుడిగా తీసుకున్నాడు. నిజమే. ఏమని తీసుకున్నాడు? బ్రాహ్మణుడు కానివాడు ఇలా చెప్పలేడని! అంటే గోత్రం అడ్డు తీసేసి, నిజాయితీనే బ్రాహ్మణ ఆస్తిగా రాసేసుకున్నాడు. ఊడిగం చేస్తూ బిడ్డని కని, ఉన్నమాట దాచకుండా చెప్పింది తల్లి జబాల. ఆ నిజం ఆమెది. లెక్కలో మాత్రం ఆమె లేదు.

ఇది మనం తీసిన పెడర్థం కాదు. శూద్రుడికి వేదవిద్యలో అధికారం లేదనడానికి శంకరుడు బ్రహ్మసూత్ర భాష్యంలో (1.3.37) ఈ కథనే సాక్ష్యంగా వాడుకున్నాడు. శూద్రుడు కాదని తేల్చుకున్నాకే గౌతముడు ఉపనయనానికి పూనుకున్నాడట! తర్వాతి సూత్రం దగ్గర, వేదం విన్న శూద్రుడి చెవుల్లో సీసం, లక్క పొయ్యాలన్న స్మృతివాక్యాన్ని ఉదహరించాడు. శూద్రులకి ఇతిహాస పురాణాలు ఉన్నాయి కదా అన్నాడు. జీవుడూ బ్రహ్మమూ ఒకటేనన్న అద్వైతం, ఆ మాట ఎవరి చెవిన పడాలన్న దగ్గర రెండయింది.

సరే, మనకి వదిలిన ఇతిహాసంలో ఏముంది? ఏకలవ్యుడున్నాడు. నిషాదుడని చదువు చెప్పని ద్రోణుడు, చెప్పని చదువుకి బొటనవేలు దక్షిణగా పుచ్చుకున్నాడు. క్రీడా శిక్షకులకి 1985లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన అవార్డు ఆ ద్రోణుడి పేరు మీదే ఉంది.

భక్తి ఉద్యమం దీన్ని బద్దలు కొట్టిందంటారు. కొంత కొట్టింది. పోతులూరి వీరబ్రహ్మం శిష్యుల్లో దూదేకుల సిద్దయ్య, మాదిగ కక్కయ్య ఉన్నారని జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ మఠాధిపత్యం గురువు వంశంలోనే సాగింది. జ్ఞానం శిష్యుడికిచ్చినా పీఠం ఇవ్వలేదు.

మరో దారి కూడా ఈ నేలమీదే ఉంది. మహాపరినిబ్బాన సుత్తంలో బుద్ధుడు ఆనందుడితో, తన దగ్గర ఆచార్యుల మూసిన పిడికిలి లేదంటాడు. దాచిందేమీ లేదని అర్థం. మంగలి ఉపాలికి శాక్య కుమారులకన్నా ముందు దీక్ష ఇవ్వడం వల్ల వాళ్లే అతనికి మొక్కాల్సొచ్చింది. బుద్ధుణ్ణి, కబీరుని, ఫూలేని అంబేద్కర్ తన గురువులన్నాడు. ముగ్గురూ ఆయన్ని ఎదుట కూర్చోబెట్టుకుని చెప్పినవాళ్లు కారు. చదివి, తర్కించి ఆయనే ఎంచుకున్నాడు. అందుకే వేలు పోలేదు.

గైడ్ సంతకం కోసం గుమ్మం దగ్గర నిలబడే మన పిల్లలకి ఈ తేడా తెలియాలి. మనం కూడా పాఠాలు చెప్తున్నాం. మన పిడికిలి తెరిచే ఉందా?