బ్యాకప్ ఉంది సరే, ఎక్కించి చూశారా?

చింతలపూడిలో ఏ కొట్టుకెళ్ళి సర్వర్ సంగతి అడిగినా ఒకటే జవాబు: "బ్యాకప్ రోజూ తీస్తున్నామండీ." నిజమే, తీస్తున్నారు. కౌంటర్ కింద ఎక్స్‌టర్నల్ డిస్కు లైటు వెలుగుతూనే ఉంటుంది. "దాన్ని ఎప్పుడైనా వెనక్కి ఎక్కించి చూశారా?" అంటే మాత్రం మాట రాదు. ఈ వృత్తిలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది ఆ మౌనమే. రీస్టోర్ చేసి చూడని బ్యాకప్‌ని నేను లెక్కలోకి తీసుకోను.

ఇది చిన్న ఊళ్ళ జబ్బు కూడా కాదు. 2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశాడు. ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లుండి కూడా ఒక్కటీ సరిగ్గా అక్కరకు రాలేదని ఆ సంస్థే బాహాటంగా చెప్పుకుంది. ఆరు గంటల ముందు వేరే పని కోసం ఒకరు తీసిన నకలు వాళ్ళని గట్టెక్కించింది.

మా మెట్టలో వానాకాలమంటే పామాయిల్ గెలల రద్దీ. కోసిన గెలని ఒక రోజులోపు మిల్లుకి చేర్చకపోతే పండులో ఆమ్లం పెరిగి నూనె నాణ్యత పడిపోతుంది. సరిగ్గా ఆ రోజుల్లో, ఈ చుట్టుపక్కలే ఒక కాటా దగ్గర సర్వర్ పడిపోయింది. బయట ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. "ఎంతసేపు పడుద్దండీ?" అన్నాడు గుమస్తా. కాటా డిస్‌ప్లేకి సర్వర్‌తో పని లేదు, బరువు చూపిస్తూనే ఉంది. కార్బన్ పెట్టి చీటీలు చేత్తో రాయమన్నాను. రైతుని నిలబెట్టి మనం మిషన్ బాగుచేసుకోవడం నాకు నచ్చదు.

అప్పుడు పెన్‌డ్రైవ్ తీశాను. అందులో సిస్టమ్‌రెస్క్యూ ఉంటుంది. బూట్ మెనూలో దాన్ని ఎంచుకుంటే లినక్స్ ర్యామ్‌లోనే లేచి కూర్చుంటుంది. మనం చెప్పేదాకా పాడైన డిస్కు మీద ఒక్క అక్షరం రాయదు. 2000లో జర్మనీ ఇంజినీరు క్లాస్ క్నాపర్ తెచ్చిన క్నాపిక్స్ సీడీతో ఈ పద్ధతి బాగా జనంలోకి వచ్చింది. డిస్కు ఆరోగ్యం చూస్తే చదవలేని సెక్టార్లు బోలెడు కనిపించాయి. చాలామంది ఇక్కడే తొందరపడి చెక్‌డిస్క్ కొడతారు. కొనఊపిరితో ఉన్న డిస్కుకి అది ఆఖరి దెబ్బ కావచ్చు. ముందు డీడీరెస్క్యూతో డిస్కు మొత్తానికి నకలు తీయాలి. బాగున్న భాగాలన్నీ మొదట లాగేసి, మొరాయించిన చోట్లకి అది తర్వాత తిరిగొస్తుంది. ఎంతవరకు అయిందో ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటి నుంచే మొదలెట్టొచ్చు. మన కరెంటుకి ఇంతకన్నా పెద్ద వరం లేదు. బ్యాకప్ పుచ్చిపోయిందని తేలితే మిగిలేది ఆ నకలొక్కటే, అందుకే అది ముందు.

తర్వాత కొత్త డిస్కు పెట్టి, రాత్రి తీసిన ఇమేజ్‌ని క్లోన్‌జిల్లాతో ఎక్కించాం. అసలు పరీక్షలు ఇక్కడుంటాయి. కొత్త డిస్కు పాతదానికన్నా కాస్త చిన్నదైనా క్లోన్‌జిల్లా మామూలుగా ఎక్కించనంటుంది. పాత మిషన్ లెగసీ పద్ధతిలో, కొత్తది యూఈఎఫ్‌ఐలో ఉంటే డేటా అంతా పదిలంగా ఉండి కూడా మిషన్ లేవదు. ఇవేవీ బ్యాకప్ తీసేటప్పుడు కనపడవు. ఆ రోజు మిషన్ లేచింది. రాత్రి దాకా ఉన్న లెక్క వచ్చింది. పొద్దుటి బరువులు చీటీల నకళ్ళు చూసి కొట్టుకున్నారు. ఆ నకళ్ళు దాచే అలవాటున్న గుమస్తాకి చేతులెత్తి దణ్ణం పెట్టాలి.

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అప్‌డేట్ వికటించి ప్రపంచమంతా దాదాపు 85 లక్షల విండోస్ మిషన్లు నీలితెర వేసినప్పుడు, శంషాబాద్ విమానాశ్రయంలోనూ బోర్డింగ్ పాసులు చేత్తోనే రాసిచ్చారు. లేవలేని మిషన్ని దూరం నుంచి బాగుచేయడం కష్టం. చాలాచోట్ల ఒక్కొక్కదాని దగ్గరికీ మనిషి వెళ్ళాల్సి వచ్చింది. మైక్రోసాఫ్ట్ ఆ మర్నాడు ఇచ్చిన సాయం కూడా ఒక బూటబుల్ యూఎస్‌బీయే. బిట్‌లాకర్ తాళం వేసిన డిస్కులకైతే 48 అంకెల రికవరీ కీ లేకుండా ఆ యూఎస్‌బీ ఒక్కటే చాల్లేదు. మన దగ్గర ఆ కీ ఎక్కడుంటుంది? ఎక్కువసార్లు అదే సర్వర్లో, డెస్క్‌టాప్ మీద ఒక ఫైలులో. దయచేసి ఈ వారమే దాన్ని కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

గెలలు తగ్గే చలికాలంలో ఒక ఆదివారం అడిగాను ఆ కాటావాళ్ళని. పాత డిస్కు విప్పి పక్కన పెట్టి, ఖాళీ డిస్కు మీద బ్యాకప్ ఎక్కించి, అందులోంచి ఒక పాత చీటీ ప్రింటు తీసి చూపిస్తానన్నాను. ఒప్పుకున్నారు. గుమస్తా కూడా పక్కనే ఉండాలని, ఈసారి కీబోర్డు అతని చేతిలోనే పెట్టాలని షరతు పెట్టాను.