జీద్‌కి ఆమె ఏ వరస?

ఫ్రెంచి పుస్తకాన్ని తెలుగు చెయ్యడానికి కూర్చుంటే నిఘంటువు కంటే ముందు నాకు కావలసింది పుట్టిన తేదీలు. ‘పాస్కల్ సెర్’ అని ఫ్రెంచివాడు రాసేసి హాయిగా తర్వాతి వాక్యానికి వెళ్లిపోతాడు. నాకలా కుదరదు. అక్కా? చెల్లెలా? గణితవేత్త బ్లేజ్ పాస్కల్ 1623లో పుట్టాడు. ఆయన జీవితచరిత్ర రాసిన జిల్బెర్త్‌ది 1620, కాబట్టి అక్క. పోర్ రొయాల్ మఠంలో సన్యాసం పుచ్చుకున్న జాక్లిన్‌ది 1625, చెల్లెలు. పెద్దాచిన్నా చెప్పడానికి అక్కడ మాటలు లేక కాదు. తోబుట్టువుల్లో పెద్దవాడు ‘ఎనే’, తర్వాతివాడు ‘కదే’, కడగొట్టువాడు ‘బెంజమాఁ’. బైబిల్లో యాకోబు ఆఖరి కొడుకు పేరది. అవసరం పడితేనే వాటిని బయటికి తీస్తారు, అంతే.

వయసు చిక్కు తేదీతో తీరిపోతుంది. అసలు తంటా పెళ్లితో వచ్చే వరసలది. ‘బో పేర్’ అంటే మామగారు, మారుతండ్రి కూడా. కవి బోదలేర్ తండ్రి 1827లో పోతే మరుసటి ఏడే తల్లి ఓపిక్ అనే సైనికాధికారిని చేసుకుంది. ఆ ఓపిక్‌ని ఏమరుపాటున మామగారంటే, జన్మంతా పెళ్లి చేసుకోని కవికి మనం పిల్లనిచ్చినట్టే.

అమ్మ తమ్ముడూ మామే, పెళ్లాం తండ్రీ మామే అంటే ఫ్రెంచివాడూ అంతే తెల్లబోతాడు. మేనత్త పిల్లలకీ పినతండ్రి పిల్లలకీ కలిపి ‘కుజాఁ’ ఒక్కటే ఉన్న భాషలో, 1949లో బంధుత్వాల మీద పెద్ద గ్రంథం రాసిన క్లోద్ లెవీ-స్ట్రోస్‌కి, అడ్డ కుజాఁలు, సమాంతర కుజాఁలు అని విశేషణాలు తగిలించక తప్పలేదు. మన ఇళ్లల్లో పలక పట్టని పిల్లకి తెలిసిన తేడా అది. తమిళనాట ఉండి పరిశోధించిన లూయీ ద్యుమోఁ 1953లో ఇంకాస్త లోతుకెళ్లాడు. మేనమామ అమ్మకి తోబుట్టువు మాత్రమే కాదు, నాన్నకి బావమరిది. నాన్న కలుపుకున్న వియ్యం ఆస్తిలాగే కొడుక్కీ సంక్రమిస్తుందన్నాడు. ‘మామ’ ఇద్దరికీ ఒకటే ఎందుకైందో నాకు ఏ తెలుగు పుస్తకం కంటే ఆయన దగ్గరే బాగా బోధపడింది.

ఇక రచయిత ఆంద్రే జీద్. 1895లో తన ‘కుజిన్’ మదలెన్‌ని పెళ్లాడాడు. మేనమామ కూతురే, వరస భేషుగ్గా కుదిరింది. మరి మరదలు అనొచ్చా? ఆమె పుట్టింది 1867లో, ఆయన 1869లో. మన లెక్కలో వదిన అవుతుంది. వదినను చేసుకున్నాడని రాస్తే పాఠకుడు అన్న భార్య అనుకుంటాడు. జీద్‌కి అన్నే లేడు, ఒక్కగానొక్క కొడుకు. ‘మేనమామ కూతురు, తనకంటే దాదాపు మూడేళ్లు పెద్ద’ అని రాశాను. ఒక్క మాట ఉన్నచోట ఇన్ని పడ్డాయేమని సంపాదకుడు అడిగితే తేదీలు చూపిస్తాను.