మూలమును మరపింపని వ్యాఖ్య: కంటెయినరు సాధనముల విమర్శ

వెబ్ అప్లికేషను ఏకాకి కాదు. పి.హెచ్.పి. వంటి భాష, వెబ్ సర్వరు, డేటాబేసు మున్నగు పరివారము దానికి వలయును. వీనిలో ఒక్కదాని వెర్షను మారినను, ఒకరి కంప్యూటరుపై నడచిన ప్రోగ్రాము మరియొకరి కంప్యూటరుపై నిలిచిపోవచ్చును. ఈ క్లేశమును తొలగింప వెలసిన సాధనములలో డీడెవ్, లాండో, లారవెల్ సెయిల్ అను మూడింటిని విమర్శించుట ఈ వ్యాసోద్దేశము.

ప్రోగ్రాములను ఒకదానినుండి మరియొకదానిని వేరుపరచు యత్నము నేటిది కాదు. ఒక ప్రోగ్రామునకు కనబడు ఫైళ్ల మేరను కుదించు ఏర్పాటు 1979 నాటి యూనిక్స్ ఏడవ వెర్షనునందే కలదు. 2008లో లైనక్సు కెర్నెలునందు చేరిన సీ-గ్రూపులు మెమొరీ వాడుకకును, ప్రాసెసరు కాలమునకును హద్దులు గీచినవి. ఇట్టి సదుపాయములను సామాన్య ప్రోగ్రామరుకు అందించినది 2013లో సాలమన్ హైక్స్ లోకమునకు చూపిన డాకరు. వర్చువల్ యంత్రము తనకై ప్రత్యేకముగా ఒక కెర్నెలును మోయగా, కంటెయినరులు ఒకే కెర్నెలును పంచుకొనును. కావుననే అవి తేలిక. పలు కంటెయినరులను ఒక్క ఫైలునందు వర్ణించు ఫిగ్ అను సాధనము, 2014లో డాకరు సంస్థ చేతికి వచ్చిన పిదప డాకర్ కంపోజ్‌గా పరిణమించినది.

ఐనను ఆ ఫైలును వ్రాయుట క్రొత్తవారికి సులభము కాదు. పోర్టులు, వాల్యూములు, ఫైళ్ల అనుమతులు, నెట్‌వర్కు పేరులు అన్నియు ఎరిగియుండవలెను. ఆ భారమును దించుటకే పై మూడు సాధనములు పుట్టినవి. ఇవి మూలగ్రంథమునకు వ్యాఖ్యల వంటివి. మంచి వ్యాఖ్య పాఠకుని మూలమునొద్దకు చేర్చును. తక్కువదగు వ్యాఖ్య మూలమునే మరపించును. ఈ కొలబద్దతోనే వీనిని చూతము.

డీడెవ్‌నందు పి.హెచ్.పి. వెర్షను మార్చుటకు కాన్ఫిగరేషను ఫైలులో ఒక్క పంక్తిని దిద్దిన చాలును. మ్యాక్ కంప్యూటరులలో కంటెయినరులు లైనక్సు వర్చువల్ యంత్రములోపల నడచుటచే ఫైళ్ల రాకపోకలు మందగించును. దీనికి మందుగా డీడెవ్ మ్యూటజెన్ అను సాధనమును వాడును. అన్నిటికంటె మెచ్చదగినది వేరొకటి కలదు: తాను కూర్చిన సంపూర్ణ కంపోజ్ ఫైలును అది ప్రాజెక్టులోనే ఉంచును. చదువగోరువారు చదువవచ్చును.

లాండో "రెసిపీ"ల పద్ధతిని అవలంబించినది. వర్డ్‌ప్రెస్ అనియో, డ్రూపల్ అనియో పేర్కొన్న మాత్రమున వలసిన సర్వీసులు సిద్ధమగును. వానిని మార్చుకొను వీలును కలదు. కాని ఒక్క పేరులో అనేక నిర్ణయములు అణగియుండుటచే, దోషము పుట్టినప్పుడు అది ఏ పొరయందున్నదో విద్యార్థికి తెలియుట కష్టము.

2020లో వెలువడిన సెయిల్ ఒక చిన్న షెల్ స్క్రిప్టు. కంపోజ్ ఫైలు ప్రాజెక్టునందే కన్నులయెదుట ఉండును. డాకరు ఫైళ్లను సైతము ఒక్క ఆజ్ఞతో బయటికి తీసికొనవచ్చును. లారవెల్‌కే పరిమితమగుట దాని సంకోచము. తక్కువ దాచుట దాని గుణము.

ఈ భేదము స్వల్పము కాదు. "స్టార్టు" అను ఒక్క ఆజ్ఞ మాత్రమే నేర్చినవాడు, ఆ ఆజ్ఞ విఫలమైన నాడు నిస్సహాయుడగును. సాధనముల ఆయువును, నిబంధనలును శాశ్వతములు కావు. 2021లో డాకర్ డెస్క్‌టాప్ నియమములు మారి, 250 మందికి మించిన ఉద్యోగులుగాని, కోటి డాలర్లకు మించిన వార్షికాదాయముగాని గల సంస్థలు రుసుము చెల్లింపవలసివచ్చెను. అంతవరకు క్రింది పొరను తలపని వారు పలువురు అప్పుడు పాడ్‌మన్ వంటి ప్రత్యామ్నాయములను వెదకిరి.

కావున సాధనమును ఎన్నుకొనువారు దానిని తొలగించి చూడవలెను. అది లేకున్నను అప్లికేషనును నిలుపుటకు వలసిన వివరము ప్రాజెక్టునందు మిగులునా? మిగిలినచో ఆ సౌలభ్యము విద్యకు తోడు. మిగులనిచో అది అప్పు. ఈ పరీక్షయందు సెయిల్, డీడెవ్ నెగ్గుననియు, లాండో రెసిపీలను విప్పి చదివిన పిదపనే వాడుట మేలనియు నా అభిప్రాయము. విజ్ఞులు పరిశీలింతురు గాక.